పాత యూనిక్స్ యంత్రాలకు కొత్త ఊపిరి
వర్క్‌స్టేషన్ల సేకరణ, పునరుద్ధరణ... కాలంతో పందెం వేసే వ్యాపకం

ఓడలు బళ్లు కావడం కంప్యూటర్ల లోకంలోనూ సహజమే. 1980, 90 దశకాల్లో పరిశోధనశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో, సినిమా స్టూడియోల్లో రాజభోగం అనుభవించిన యూనిక్స్ వర్క్‌స్టేషన్లు ఆ తరువాత గోదాముల పాలయ్యాయి. పాత ఇనుము కింద తూకానికి వెళ్లిపోయినవి ఎన్నో. మిగిలిన వాటిని వెదికి తెచ్చి, మరమ్మతు చేసి, మళ్లీ నడిపించడమే వ్యాపకంగా పెట్టుకున్న ఔత్సాహికులు వివిధ దేశాల్లో ఉన్నారు. తపాలా బిళ్లల సేకరణకూ, దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. పాత నాణెం పెట్టెలో పెడితే పదికాలాల పాటు భద్రంగా ఉంటుంది. ఈ యంత్రాలు మాత్రం ముట్టుకోకుండా ఉంచినా లోలోపల శిథిలమవుతూనే ఉంటాయి.

ఏమిటీ వర్క్‌స్టేషన్?

అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1969లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్‌కు శ్రీకారం చుట్టారు. 1973లో దీనిని సీ భాషలో తిరగరాయడంతో ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి మార్చుకోవడం సులువైంది. పెద్ద కంప్యూటర్‌ను పదిమంది పంచుకునే పద్ధతికి బదులు, ఒక్కో ఇంజినీరు బల్లపై ఒక్కో శక్తిమంతమైన యంత్రం ఉండాలన్న ఆలోచన 1980ల ఆరంభంలో ఊపందుకుంది. ఒక మెగాబైట్ మెమరీ, పది లక్షల చుక్కల తెర, సెకనుకు పది లక్షల ఆదేశాల వేగం అప్పటి ఆదర్శం. నేటి సాధారణ సెల్‌ఫోన్ ముందు ఇది ఎందుకూ కొరగాదు. సాధారణ వ్యక్తిగత కంప్యూటర్లు ఒక సమయంలో ఒకే పనికి పరిమితమైన ఆ రోజుల్లో మాత్రం ఏకకాలంలో అనేక పనులు చేస్తూ, నెట్‌వర్క్‌తో అనుసంధానమయ్యే వర్క్‌స్టేషన్ ఒక అద్భుతమే.

మేటి కంపెనీలు ఇవీ

ఈ రంగంలో ముందుగా చెప్పుకోవలసినది సన్ మైక్రోసిస్టమ్స్. ఢిల్లీ ఐఐటీలో చదివిన వినోద్ ఖోస్లా, ఆండీ బెక్టోల్‌షీమ్, స్కాట్ మెక్‌నీలీ, బిల్ జాయ్ దీని వ్యవస్థాపకులు. 1982లో కాలిఫోర్నియాలో మొదలైంది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నెట్‌వర్క్ అన్న మాటల తొలి అక్షరాలే సన్ అయ్యాయి. 1989లో ఆ సంస్థ తెచ్చిన స్పార్క్‌స్టేషన్ 1 చదునైన ఆకారం వల్ల పిజ్జా డబ్బాగా పేరు పొందింది. 1995లో విడుదలైన టాయ్ స్టోరీ చిత్రం తుది దృశ్యాలను లెక్కగట్టినవి వందకు పైగా సన్ యంత్రాలే.

త్రిమితీయ చిత్రాలకు పెట్టింది పేరు సిలికాన్ గ్రాఫిక్స్. 1993 నాటి జురాసిక్ పార్క్‌లో కంప్యూటర్‌పై రూపొందిన రాక్షసబల్లుల వెనుక ఈ సంస్థ యంత్రాలున్నాయి. ఇండిగో, ఇండీ, ఓ2, ఆక్టేన్ వంటి పేర్లతో, రంగురంగుల పెట్టెలతో వచ్చిన ఈ యంత్రాలంటే సేకరణకర్తలకు మక్కువ ఎక్కువ.

స్టీవ్ జాబ్స్ స్థాపించిన నెక్స్ట్ సంస్థ 1988లో నల్లని ఘనాకారపు కంప్యూటర్‌ను ఆవిష్కరించింది. అప్పటి ధర 6,500 డాలర్లు. 1990లో టిమ్ బెర్నర్స్ లీ స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన సంస్థలో ప్రపంచపు తొలి వెబ్ సర్వర్‌ను నడిపినది నెక్స్ట్ యంత్రంపైనే. డిజిటల్, హ్యూలెట్ ప్యాకర్డ్, ఐబీఎం సంస్థలు కూడా తమ తమ వర్క్‌స్టేషన్లతో పోటీపడ్డాయి.

ఎందుకు కనుమరుగయ్యాయి?

ధరే ప్రధాన కారణం. 1990ల మధ్య నాటికి ఇంటెల్ ప్రాసెసర్ల వేగం పెరిగింది. 1991లో పుట్టిన లినక్స్, 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ చవక యంత్రాలపైనే దాదాపు అవే పనులు చేయడం మొదలుపెట్టాయి. ప్రతి కంపెనీ సొంత ప్రాసెసర్, సొంత యూనిక్స్ తయారు చేసుకునే విధానం మోయలేని భారమైంది. నెక్స్ట్‌ను యాపిల్ సొంతం చేసుకుంది. డిజిటల్ సంస్థ 1998లో కాంపాక్‌లో కలిసింది. 2009లో సిలికాన్ గ్రాఫిక్స్ దివాలా తీసి అమ్ముడుపోయింది. 2010లో సన్‌ను ఒరాకిల్ కొనేసింది. కంపెనీ పోతే విడిభాగాలు, మరమ్మతు పుస్తకాలు, సాఫ్ట్‌వేర్ డిస్కులు కూడా దానితో పాటే దుర్లభమవుతాయి. నేటి సేకరణకర్త ఎదుర్కొనే అసలు చిక్కు ఇదే.

బ్యాటరీ పోతే పేరు మరచిపోతుంది

పాత సన్ యంత్రాల్లో ఒక చిన్న చిప్ ఉంటుంది. గడియారం, కొద్దిపాటి మెమరీ, వాటికి విద్యుత్తునిచ్చే లిథియం బ్యాటరీ ఈ మూడూ అందులోనే బిగించి ఉంటాయి. యంత్రం గుర్తింపు సంఖ్య, నెట్‌వర్క్ చిరునామా ఈ చిప్‌లోనే నమోదై ఉంటాయి. దాని ఆయుష్షు సుమారు పదేళ్లు. బ్యాటరీ అయిపోయిన మరుక్షణం యంత్రం తన పేరును తానే మరచిపోతుంది. స్విచ్ వేయగానే గుర్తింపు వివరాలు చెల్లవంటూ సందేశం కనిపిస్తుంది. నెట్‌వర్క్ పనిచేయదు.

నష్టం అంతటితో ఆగదు. అప్పట్లో ఖరీదైన ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చే లైసెన్సును ఆ గుర్తింపు సంఖ్యతో ముడిపెట్టేవారు. సంఖ్య పోతే డిస్కులో సాఫ్ట్‌వేర్ భద్రంగా ఉన్నా తెరుచుకోదు. కనుక యంత్రం చేతికి రాగానే, ఇంకా ప్రాణం ఉన్న పక్షంలో, బ్యానర్ అనే ఆదేశమిచ్చి తెరపై కనిపించే సంఖ్యలను కాగితంపై రాసుకోవడం మొదటి పని. పెట్టెపై అతికించిన చీటీలను చింపరాదు.

చికిత్స రెండు విధాలు. కొత్త చిప్ కొని అమర్చడం మొదటిది. పాత చిప్ పైభాగాన్ని జాగ్రత్తగా కోసి, లోపలి బ్యాటరీ తీగలను తెంచి, వాచీల్లో వాడేటటువంటి నాణెపు బ్యాటరీని బయటి నుంచి టంకం వేసి కలపడం రెండోది. ఆ తరువాత గుర్తింపు సంఖ్యను కీబోర్డు ద్వారా మళ్లీ నమోదు చేయవలసి ఉంటుంది. రెండో పద్ధతిలో తదుపరి బ్యాటరీని ఎవరైనా సులువుగా మార్చుకోవచ్చు.

తొందరపడి స్విచ్ వేయవద్దు

ఏళ్ల తరబడి మూలనపడిన యంత్రానికి ఒక్కసారిగా కరెంటు ఇవ్వడం ప్రమాదకరం. ముందు మూత తీసి, ప్రతి భాగాన్నీ ఫొటో తీసుకుని, దుమ్ము దులపాలి. కొన్ని యంత్రాలపై నాటి అమెరికా వోల్టేజీ మాత్రమే రాసి ఉంటుంది. మన 230 వోల్టుల సరఫరాకు తగినదో కాదో వెనుకనున్న పట్టీ చూసి నిర్ధారించుకోవాలి.

కెపాసిటర్లు అసలైన శత్రువులు. వీటిలోని ద్రవం కాలక్రమంలో కారి, సర్క్యూట్ బోర్డుపై రాగి గీతలను తినేస్తుంది. 1980ల చివర, 90ల ఆరంభంలో తయారైన బోర్డుల్లో ఈ బెడద అధికం. కారిన వాటిని తొలగించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి, అదే విలువ గల కొత్తవి అమర్చాలి. విద్యుత్ సరఫరా పెట్టెలోనూ, పాత గాజు మానిటర్‌లోనూ ప్లగ్గు తీసేసిన తరువాత కూడా ప్రాణాంతకమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. అనుభవం లేనివారు వాటి జోలికి పోరాదు.

హార్డ్‌డిస్క్ సంగతి మరింత సున్నితమైనది. పాత డిస్కు తిరిగితే అదే చివరిసారి కావచ్చు. కనుక అందులోని సమాచారాన్ని యథాతథంగా ప్రతి తీసుకున్న తరువాతే మిగిలిన ప్రయోగాలు చేయాలి. ఈ యంత్రాలు స్కజీ పద్ధతి డిస్కులను వాడతాయి. చరవాణిలో వాడే మెమరీ కార్డును స్కజీ డిస్కులా భ్రమింపజేసే చిన్న బోర్డులు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిని అమరిస్తే పాత డిస్కుకు విశ్రాంతి ఇవ్వవచ్చు.

తెర దొరక్కపోయినా దిగులు లేదు. చాలా నమూనాలు సీరియల్ తీగ ద్వారా నేటి ల్యాప్‌టాప్‌తో మాట్లాడగలవు. సన్ యంత్రానికి కీబోర్డు తగిలించకపోతే అది దానంతట అదే సీరియల్ మార్గానికి మళ్లుతుంది. యంత్రం బతికి ఉన్నదో లేదో తెలుసుకునేందుకు ఇదే చవకైన మార్గం.

అసలుదా, కొత్తదా?

పునరుద్ధరణలో ఎంతవరకు మార్పు చేయవచ్చన్నది ఔత్సాహికుల మధ్య తెగని చర్చ. ప్రతి మరా అసలుదే ఉండాలని కొందరు పట్టుబడతారు. నడవని యంత్రం బొమ్మతో సమానమని మరికొందరి వాదన. పాత గుడికి జీర్ణోద్ధరణ చేసేటప్పుడు తలెత్తే ప్రశ్నే ఇక్కడా ఎదురవుతుంది. వెనక్కి తీసుకోగల మార్పులే చేయాలి, తీసిన భాగాన్ని పారేయకుండా పేరు రాసి దాచాలి, ఏం చేసినదీ పుస్తకంలో నమోదు చేయాలి అన్నది మధ్యేమార్గం.

ఇంటర్నెట్‌కు నేరుగా కలపరాదు

ఈ యంత్రాలు నమ్మకం నిండిన కాలంలో పుట్టాయి. సంకేతపదం తీగ వెంట బహిరంగంగానే ప్రయాణించేది. సిలికాన్ గ్రాఫిక్స్ వారి ఐరిక్స్‌లోనైతే సంకేతపదమే లేని ఖాతాలు కొన్ని మొదటి నుంచీ ఉండేవి. ఐరిక్స్‌కు కంపెనీ మద్దతు 2013తో ముగిసింది. అందువల్ల వీటిని ఇంటి లోపలి ప్రత్యేక నెట్‌వర్క్‌కే పరిమితం చేయాలి. ఎప్పటికప్పుడు సరిదిద్దిన వ్యవస్థ కావాలనుకునేవారికి నెట్‌బీఎస్‌డీ అందుబాటులో ఉంది. ఉచితంగా లభించే ఈ వ్యవస్థ పాత సన్, సిలికాన్ గ్రాఫిక్స్ నమూనాలు అనేకంపై పనిచేస్తుంది.

మరో గండం 2038లో పొంచి ఉంది. యూనిక్స్ 1970 జనవరి 1 నుంచి సెకన్లను లెక్కిస్తుంది. 32 బిట్ల గడిలో ఆ లెక్క 2038 జనవరి 19న, భారత కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు నిండిపోతుంది. మరుసటి సెకనుకు పాత వ్యవస్థలు 1901లోకి జారుకుంటాయి. తేదీని వెనక్కి తిప్పి నడుపుకోవడం అప్పుడు తప్పనిసరి కావచ్చు.

తెలుగుకూ సంబంధం ఉంది

యూనిక్స్ యంత్రాల మధ్య సందేశాలు మార్చుకునేందుకు 1980లో మొదలైన యూజ్‌నెట్ ప్రవాస తెలుగువారికి తొలి రచ్చబండల్లో ఒకటి. తెలుగు లిపి తెరపై కనిపించని ఆ రోజుల్లో, రోమన్ అక్షరాలతో తెలుగు రాసేందుకు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్‌టీఎస్ పద్ధతిని వాడుకున్నారు. అలనాటి రాతలు, ఖతులు, ప్రోగ్రాములు ఎవరి అటకపైనో ఉన్న పాత డిస్కులో మిగిలి ఉండే అవకాశం లేకపోలేదు. డిస్కు చెడితే అవీ పోతాయి.

మ్యూజియాలు చూసుకుంటాయిలే అనుకోవడానికీ వీల్లేదు. పాత కంప్యూటర్లను నడుస్తున్న స్థితిలో సందర్శకులకు అందుబాటులో ఉంచిన సియాటిల్‌లోని లివింగ్ కంప్యూటర్స్ మ్యూజియం 2020లో మూతపడి మళ్లీ తెరుచుకోలేదు. 2024లో అక్కడి వస్తువులు కొన్ని వేలానికి వచ్చాయి. కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం వంటివి సేవలందిస్తున్నా, నడిపించే చేతులు లేనిదే యంత్రం నడవదు.

మన కళాశాలలు, సంస్థల సామాను గదుల్లో ఇటువంటి పెట్టె కనిపిస్తే తూకానికి వేసే ముందు ఒకసారి నమూనా పేరు చదవడం మంచిది. పెద్ద సంస్థల ఈ-వ్యర్థాలను నమోదైన ఉత్పత్తిదారులకు, పునర్వినియోగదారులకు లేదా మరమ్మతుదారులకే అప్పగించాలని 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. డిస్కులో వ్యక్తుల సమాచారం ఉంటే దానిని వేరు చేయడం సంస్థ బాధ్యత. యంత్రంతో పాటు వచ్చిన పుస్తకాలు, డిస్కులు, కీబోర్డు, మౌస్, మౌస్ కింది పలక అన్నింటినీ కలిపి ఉంచాలి. సన్ వారి పాత కాంతి మౌస్ గీతలున్న ఆ లోహపు పలక లేనిదే కదలదు. పనికిరాదని పారేసిన పలక కోసం తరువాత ఊళ్లు తిరగవలసి వస్తుంది.