కదలని కొండ, కదలెడు బాలుడు

చలనచిత్రములో బొమ్మ నిజముగా కదలదు. ఒకదానివెంట నొకటి వేగముగా కనబడు నిశ్చలచిత్రములను చూచి మనస్సు కదలికను కల్పించుకొనును. ఇందులకు సాధారణముగా సెకనుకు 24 చిత్రములు కావలయును. ఐదు నిమిషముల కథ చెప్పుటకు 7,200 చిత్రములు! ఒక్కొక్క బొమ్మను రెండేసిసార్లు చూపి పొదుపు చేసినను 3,600 బొమ్మలు తప్పవు. చదువుకొనుచున్న విద్యార్థి యొక్కడు ఇంతటి భారము నెట్లు మోయగలడు?

అతనికి దారి చూపునది ఒక చిన్న సత్యము. కథలో కదలునది కొంచెము, కదలక నిలుచునది విస్తారము. బాలుడు పరుగెత్తును, అతని వెనుకనున్న కొండ పరుగెత్తదు. కదలుదానిని మరల మరల గీయవలెను. కదలనిదానిని ఒక్కసారి శ్రద్ధతో చిత్రించిన చాలును. ఎదుట లేని కోటను, కొండను, నగరమును ఇట్లు చిత్రించి, అవి నిజముగా నున్నట్లు తెరపై చూపు కళకు మ్యాట్ పెయింటింగ్ అని పేరు.

ఈ కళ నూరేండ్లకు పైబడినది. 1907లో నార్మన్ డాన్ అను అమెరికా ఛాయాగ్రాహకుడు కాలిఫోర్నియాలోని పాత క్రైస్తవ మఠములను చిత్రీకరింప బూనెను. వానిలో కొన్ని శిథిలములై యుండెను. అతడు కెమెరాకును కట్టడమునకును నడుమ నొక గాజుపలకను నిలిపి, కూలిన భాగములను దానిపై రంగులతో పూరించెను. కెమెరా కంటికి గాజుపైని బొమ్మయు, వెనుకనున్న గోడయు ఒక్కటిగా కలిసిపోయెను. పిమ్మట మరియొక పద్ధతి వాడుకలోనికి వచ్చినది. దృశ్యములో కొంతభాగమును నల్లని అడ్డుతో కప్పి చిత్రీకరించి, అదే ఫిల్ముపై ఆ ఖాళీచోట రంగుల చిత్రమును చేర్చెడివారు. ఆ అడ్డునకే మ్యాట్ అని పేరు.

అయితే ఒక్క పలుచని చిత్రములో లోతు కనబడుట యెట్లు? రైలు కిటికీనుండి చూచువానికి దగ్గరి చెట్లు వెనుకకు పరుగెత్తును. దూరపు కొండ మెల్లగా జరుగును. ఈ భేదమువలననే కన్ను దూరమును గ్రహించును. 1937లో వాల్ట్ డిస్నీ సంస్థ ‘ది ఓల్డ్ మిల్’ అను లఘుచిత్రములో దీనిని చక్కగా వినియోగించినది. దృశ్యములోని భాగములను వేర్వేరు పలకలపై చిత్రించి, ఒకదానిక్రింద నొకటి ఎడముగా నమర్చి, పైనుండి కెమెరాతో చిత్రీకరించిరి.

నేడు గాజుపలకల స్థానమును కంప్యూటరు ఆక్రమించినది. నోల్ సోదరులు రూపొందించిన ఫోటోషాప్ 1990లో విడుదలయ్యెను. అట్టి సాధనములలో ఆకాశము ఒక పొర, కొండ ఒక పొర, కోట ఒక పొర. ఏ పొరనైనను ఇతరములను చెరుపకుండ దిద్దవచ్చును, జరుపవచ్చును. పనిముట్లు మారినను నియమములు మారలేదు. ఒక విద్యార్థి పనిని గమనించిన ఈ విషయము బోధపడును.

అతడు తలపెట్టినది శిథిలదుర్గములో తప్పిపోయిన మేకపిల్లను వెదకు బాలుని కథ యనుకొన్నచో, మొదట చిన్న చిన్న రేఖాచిత్రములతో కథనంతయు వరుసగా గీసికొనవలెను. ఇదియే స్టోరీబోర్డు. ఏ దృశ్యము ఎన్ని సెకనులుండునో పిమ్మట నిర్ణయించుకొనవలెను. రెండు సెకనులే కనబడు గోడకొరకు పది దినములు వ్యయము చేయుట వృథాశ్రమ యని అప్పుడే తేటపడును.

కాని ఉత్సాహవంతుడైన విద్యార్థి తొందరపడి కోటను చిత్రించుట కారంభించును. ప్రతిరాతిని, ప్రతి పగులును, గోడలో మొలచిన ప్రతి రావిమొక్కను దిద్దును. కొన్ని వారములు గడచును. చిత్రమును చూచినవారు దాని అందమును మెచ్చుకొందురు. తరువాత బాలుని అందులో చేర్చి చూపగా, “ఇందులో బాలుడెక్కడ?” అని అడుగుదురు. ఆ ప్రశ్న అతనిని కలతపెట్టును. వెనుకనున్న దృశ్యము కథను మింగివేసినది.

అంతట అతడు దోషములను వెదకును. బాలునిపై వెలుగు కుడివైపునుండి పడుచుండగా, కోటపై ఎడమవైపునుండి పడుచున్నది. బాలుని దృష్టిరేఖ యొకటి, కోట దిగంతరేఖ మరియొకటి. దూరపు కొండ దగ్గరి రాతివలె ముదురురంగులో నున్నది. నిజమునకు నడుమనున్న గాలి నీలికాంతిని వెదజల్లుటవలన దూరపు కొండలు పాలిపోయి, నీలముగా కనబడును. అతడు కొండను లేతపరచును, వెలుగును ఒకవైపునకు త్రిప్పును, బాలుడు నడచు బాటచుట్టు నున్న వివరములను తగ్గించును. ఎంతో శ్రమతో దిద్దిన రాళ్లను తన చేతితోనే నీడలో దాచివేయుట అతనికి బాధాకరమే. కాని ఇప్పుడు చూపరుల కన్ను నేరుగా బాలునిపై నిలుచును. చిత్రించుటయే కాక, విడిచిపెట్టుటయు నేర్చిన దినముననే అతడు చిత్రకారుడగుచున్నాడు.

ఇట్టి ఓర్పునకు షేన్ ఆకర్ అను అమెరికా విద్యార్థి నిదర్శనము. వాస్తుశిల్పము చదివి, పిమ్మట లాస్ ఏంజెలిస్ లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున యానిమేషన్ నేర్చిన అతడు, పాడుబడిన లోకములో ఒక గుడ్డబొమ్మ చేయు పోరాటమును సంభాషణలు లేని కథగా మలచెను. ‘9’ అను ఆ చిత్రము నిడివి సుమారు 11 నిమిషములు. దానికి పట్టిన కాలము నాలుగున్నర సంవత్సరములు! 2005లో అది విద్యార్థుల అకాడమీ పురస్కారములలో స్వర్ణపతకము పొందినది. మరుసటి యేట ఆస్కార్ పోటీకి నామినేషన్ సంపాదించినది. 2009లో ఆ కథయే పూర్తినిడివి చిత్రమై వెలువడినది.

తెరపై బాలుడు మేకపిల్లను ఎత్తుకొని ఇంటిదారి పట్టునప్పుడు చూపరులెవ్వరును వెనుకనున్న కొండను ప్రత్యేకముగా మెచ్చుకొనరు. అక్కడ కొండ యున్నదని నమ్మి ఊరకుందురు. ఆ కొండను చిత్రించినవానికి అంతకు మించిన మెప్పు లేదు.