మనీ హైస్ట్: నైరోబీ చనిపోయిన ఎపిసోడ్ అభిమానులకు ఎందుకు మింగుడుపడలేదు?

(గమనిక: సిరీస్ ఇంకా చూడనివారికి ఇందులో కథ తెలిసిపోతుంది.)

స్పానిష్ సిరీస్ 'మనీ హైస్ట్' నాలుగో భాగం 2020 ఏప్రిల్ 3న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. అందులో ఆరో ఎపిసోడ్‌లో నైరోబీ చనిపోతుంది. ఆ పాత్రను ఇష్టపడ్డవాళ్లు ఆ ఎపిసోడ్‌ను తిట్టుకున్నారు. ఇష్టమైన మనిషి పోయిందన్న బాధ ఒక్కటే దీనికి కారణమా?

అదే అయితే, రెండో భాగంలో బెర్లిన్ చనిపోయినప్పుడూ ఇంతే గొడవ జరగాలి. ప్రేక్షకులు అప్పుడు కూడా ఏడ్చారు, కానీ ఒప్పుకున్నారు. బెర్లిన్‌కు నయంకాని జబ్బు ఉందని మనకు ముందే తెలుసు. మిగతావాళ్లు తప్పించుకోవడానికి సొరంగం దగ్గర పోలీసులను ఆపుతూ తనే వెనక ఉండిపోయాడు. ఆ చావు ఆ పాత్ర స్వభావంలోంచే వచ్చింది.

తేడా ఎక్కడుంది?

మూడో భాగం చివర పోలీసుల తూటాకు నైరోబీ కుప్పకూలుతుంది. ముఠా సభ్యులే బ్యాంకు లోపల ఆపరేషన్ చేసి ఆమెను బతికిస్తారు. ఈలోగా బ్యాంకు భద్రతాధికారి గాండియా బేడీలు తప్పించుకుంటాడు. నాయకత్వం పోయిందన్న అక్కసుతో ముఠాలోని పలెర్మోనే అతనికి ఆ దారి చూపిస్తాడు. చివరకు, కోలుకుంటున్న నైరోబీని గాండియా బందీగా పట్టుకుని తలలో కాల్చేస్తాడు.

అభిమానుల ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. ప్రతి చిన్న విషయాన్నీ ముందే ఊహించే ప్రొఫెసర్, అంత ప్రమాదకరమైన మనిషిని ఎలా కట్టడి చేయాలో ఆలోచించలేదా? బ్యాంకు నిండా ఆయుధాలున్న ముఠా ఒక్కడి ముందు ఎందుకు తడబడింది? కొందరు దీనికి సమాధానం చెబుతారు: పథకం కాగితం మీద ఎంత బాగున్నా మనుషుల అసూయలు దాన్ని చెడగొడతాయని. ఆ మాటలోనూ నిజం ఉంది. కానీ మనసు విరిగినవాళ్లకు అది పాత్ర చేసిన తప్పులా కాకుండా, కథ నడవడానికి రచయితలు చేయించిన తప్పులా కనిపించింది.

దోపిడీ కథకు ఒక నియమం

ఇలాంటి కథల్లో సాధారణంగా పథకాన్ని మనకు ముందే పూర్తిగా చెబితే, అది దెబ్బతింటుంది. చెప్పకుండా దాచితే, చివరకు ఫలిస్తుంది. మనీ హైస్ట్ రెండో దారి పట్టింది. ముఠా ఇరుక్కున్న ప్రతిసారీ కథ వెనక్కి వెళ్లి, ప్రొఫెసర్ దీన్ని ఎప్పుడో ఊహించాడని చూపిస్తుంది.

మొదట్లో ఇది అబ్బురంగా ఉంటుంది. పదేపదే వాడితే చిక్కు వస్తుంది. అన్నీ ముందే ఊహించాడంటే మనకు భయం ఉండదు. ఊహించలేదంటే అతను ప్రొఫెసరే కాడు. కథ సాగేకొద్దీ ఈ రెండింటి మధ్య దారి ఇరుకవుతుంది.

కథ ఎందుకు సాగింది?

అలెక్స్ పీనా సృష్టించిన ఈ సిరీస్ 2017 మే 2న స్పెయిన్‌లోని ఆంటెనా 3 చానల్‌లో మొదలైంది. ఒకే దోపిడీ, 15 ఎపిసోడ్లు, అక్కడితో కథ ముగింపు. తొలి ఎపిసోడ్‌ను 40 లక్షల మందికి పైగా చూశారు. చివరికొచ్చేసరికి ఆ సంఖ్య సగం కూడా లేదు. ఆ తర్వాత నెట్‌ఫ్లిక్స్ దాన్ని 22 చిన్న ఎపిసోడ్లుగా కత్తిరించి ప్రపంచానికి చూపించింది. 2018లో అంతర్జాతీయ ఎమ్మీ వచ్చింది. కంచికి చేరిన కథను వెనక్కి పిలిచారు. బ్యాంక్ ఆఫ్ స్పెయిన్ దోపిడీ ఒక్కటే మూడు భాగాల పాటు నడిచింది.

చూసే తీరు కూడా మారింది. వారానికొకటి వచ్చేటప్పుడు బలహీనమైన ఎపిసోడ్ గురించి ఆలోచించడానికి వారం దొరుకుతుంది. వరుసగా చూసేవారికి తర్వాతిది వెంటనే మొదలైపోయి లోపం కప్పుకుపోతుంది. అయినా నైరోబీ విషయంలో లోపం కప్పుకుపోలేదంటే, ఆ దెబ్బ ఎంత గట్టిదో అర్థమవుతుంది.

2021 డిసెంబరులో వచ్చిన ముగింపులో ప్రొఫెసర్ పోలీసులకు అప్పగించింది బంగారం కాదు, బంగారు పూత పూసిన ఇత్తడి. అయినా దేశ ఆర్థిక వ్యవస్థ కుప్పకూలకూడదంటే ప్రభుత్వం దాన్ని అసలు బంగారమని ఒప్పుకోక తప్పదు. ఈ మలుపును మన్నించడం సులువు, ఎందుకంటే దాని వెనక ఒక లెక్క ఉంది.

అభిమానులు కోరేది ఇష్టమైనవాళ్లంతా బతకాలని కాదు. చంపినా, గెలిపించినా ఆ లెక్క సరిపోవాలి. అది తప్పినప్పుడు వచ్చే కోపాన్ని వెర్రి అభిమానమని కొట్టిపారేయలేం. కథను శ్రద్ధగా చూసినవాళ్లకే అలాంటి కోపం వస్తుంది.