నెత్తురు క్యాన్సర్ డాక్టర్ ఎట్ల తయారైతడు?

సుబేదారిల రూములు కిరాయికి తీసుకొని చదువుకునే పోరగాండ్లకు ఎవలు చెప్పకుండనే ఒక పని మీద పడ్తది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ దిక్కు ఊర్లల్ల ఇంట్ల ఎవలికన్న పాణం బాగలేకపోతె, రక్తపరీక్ష కాయితం ఫోటో తీసి ముందుగాల వీళ్లకే వాట్సాప్ చేస్తరు. "సదువుకున్నోనివి నువ్వే గదరా, ఏమున్నదో జర జూడు" అంటరు. ఒక్కోసారి అండ్ల తెల్లకణాలు లక్ష దాటి ఉంటయ్, లేకుంటె ప్లేట్‌లెట్లు ఇరువై వేలకు పడిపోయి ఉంటయ్. కింద "హెమటో ఆంకాలజిస్టుకు చూపెట్టుండ్రి" అని రాసి ఉంటది. గా డాక్టర్ ఎవలు? మామూలు డాక్టర్‌కు ఆయనకు ఫరక్ ఏంది? ఈ ముచ్చట మనకు ముందుగాలనే ఎరుక ఉంటె, ఆ దినం తొవ్వ తప్పకుండ ఉంటం.

ముందు ఏండ్ల లెక్క చూద్దాం. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తోని కలిపి ఐదున్నర ఏండ్లు. 1959ల మొదలైన మన కాకతీయ మెడికల్ కాలేజీల చదివినా, ఇంకోకాడ చదివినా అదే లెక్క. ఆ మీద నీట్ పీజీ రాసి, ఎక్కువమంది జనరల్ మెడిసిన్‌ల గాని పిల్లల వైద్యంల గాని ఎండీ చేస్తరు. అది మూడేండ్లు. అటెన్క నీట్ సూపర్ స్పెషాలిటీ రాసి డీఎం సీటు తెచ్చుకోవాలె. అది ఇంకో మూడేండ్లు. మొత్తం పదకొండున్నర ఏండ్లు. అది గూడ ఒక్క పరీక్ష తప్పకుండ, ఒక్క ఏడు ఖాళీగ కూసోకుండ పోతెనే. ఇంటర్ అయిపోయిన పిలగాడు డీఎం పట్టా అందుకునేటాల్లకు ముప్పై ఏండ్లకు వస్తడు.

మన దేశంల ఈ ఆఖరి చదువు రెండు తీర్లుగ ఉంటది. డీఎం మెడికల్ ఆంకాలజీ చదివినోళ్లు కీమో అసొంటి మందులతోని క్యాన్సర్‌కు వైద్యం చేస్తరు. డీఎం క్లినికల్ హెమటాలజీ చదివినోళ్లు నెత్తురు రోగాలన్ని చూస్తరు. బ్లడ్ క్యాన్సర్‌తోపాటు తలసేమియా, సికిల్‌సెల్, హీమోఫిలియా గూడ వాళ్ల కిందికే వస్తయ్. అమెరికాల ఎక్కువమంది ఈ రెండిటిని కలిపి మూడేండ్ల ఫెలోషిప్‌గ చేస్తరు. గడ్డను కోసి తీసేటోళ్లు వేరే, వాళ్లది ఎంసీహెచ్ సర్జికల్ ఆంకాలజీ. మనోళ్లు "కరెంటు పెట్టుడు" అనే రేడియేషన్ ఇచ్చేటోళ్లు ఇంకా వేరే. అందుకే "క్యాన్సర్ డాక్టర్" అనే బోర్డు ఒక్కటి చూసి లోపటికి పోవద్దు. పేరు కింద ఏం చదివిండో చదువుండ్రి. బ్లడ్ క్యాన్సర్ కోసి తీసేది కాదు, నెత్తురుతోని పెయ్యి మొత్తం తిరుగుతది.

మరి ఆ మూడేండ్లల్ల ఏం నేర్పుతరు? పుస్తకంల ఉన్నది ఎండీలనే చాలామటుకు అయిపోతది. ఇక్కడ నేర్చేది కంటితోని, చేతితోని. మటన్ తెచ్చుకున్నప్పుడు మూలుగ బొక్క కోసం కొట్లాడుతం గదా, మన బొక్కలల్ల గూడ గసొంటి మూలుగే ఉంటది. నెత్తురు కణాలు పుట్టేది అండ్లనే. కూసునే కాడ ఎన్క దిక్కున్న తుంటి బొక్కకు మత్తు సూది ఇచ్చి, ఇంకో సూదితోని జరంత మూలుగ తీస్తరు. ఊర్లల్ల దీన్ని "వెన్నుపూస నీళ్లు తీసుడు" అనుకొని, కాళ్లు పడిపోతయని బుగులు పడి పేషంట్‌ను ఇంటికి తోలుకపోతరు. అది వేరే పరీక్ష, ఇది వేరే పరీక్ష. మూలుగ పరీక్షల సూది వెన్నుపూస కాడికి పోనే పోదు.

తీసిన మూలుగను గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద వందల కణాలను ఒక్కొక్కటిగ చూడాలె. ఎందుకంటె కొన్ని రోగాలు పొద్దటిదాక ఆగయ్. ఏపీఎల్ అని ఒక తీరు బ్లడ్ క్యాన్సర్ ఉన్నది. అండ్ల మెదడుల గాని ఊపిరితిత్తులల్ల గాని నెత్తురు కారి, దినాలల్లనే పాణం పోవచ్చు. గని అదే రోగానికి ఏట్రా అనే గోలీ, ఆర్సెనిక్ మందు టైముకు మొదలువెడితె ఎక్కువమంది మంచిగైతరు. జన్యు పరీక్ష రిపోర్ట్ వచ్చేదాక ఆగొద్దు, కణాల తీరు చూసి అనుమానం వచ్చినంకనే గోలీ మొదలువెట్టాలె. రాత్రి పదకొండు గంటలకు ఆ స్లైడ్ చూసి "ఇదే" అనే ధైర్యం పుస్తకంతోని రాదు. పక్కన సీనియర్ నిలవడి తప్పులు దిద్దితె, వందల స్లైడ్లు చూసినంక వస్తది.

రెండోది, జెరం. కీమో ఇచ్చినంక వారం, పది దినాలకు తెల్లకణాలు బాగ తగ్గుతయ్. అప్పటికి పేషంట్ ఇంటికి వచ్చి ఉంటడు. గప్పుడు జెరం వచ్చిందంటె మామూలు జెరం కాదు. దవాఖానకు చేరిన గంటల యాంటీబయాటిక్ నరంల పడాలె. ఈ చదువు చదివే డాక్టర్లకు ఎక్కువగ వచ్చే ఫోన్లల్ల ఇదొకటి. మన ఊర్లల్ల అయ్యేది ఇంకో తీరు. ఆర్‌ఎంపీ పారాసిటమాల్ ఇస్తడు, జెరం కనపడకుండ దాక్కుంటది. తుంటికి సూది ఇస్తడు, ప్లేట్‌లెట్లు తక్కువున్న పెయ్యిల ఆ కాడ నెత్తురు గడ్డకడ్తది. రోగమేందో ఇంకా తేలని మనిషికి స్టెరాయిడ్ ఇస్తె, నాలుగు దినాలు పాణం హాయిగ అనిపిస్తది గని అసలు క్యాన్సర్‌ను పట్టుడే కష్టమైతది.

ఈ ట్రైనింగ్ చేసిన డాక్టర్లు తమ దినాల గురించి పుస్తకాలే రాసిండ్రు. సిద్ధార్థ ముఖర్జీ 2003ల బోస్టన్‌ల ఆంకాలజీ ఫెలోషిప్ మొదలువెట్టిండు. ఆ దినాలను రాసుకుంటపోయిన ముచ్చటే పెరిగి "ది ఎంపరర్ ఆఫ్ ఆల్ మాలడీస్" అయ్యింది, 2011ల పులిట్జర్ వచ్చింది. తాను దేనితోటి కొట్లాడుతున్నదో చెప్పమని ఒక పేషంట్ అడిగితె, చెప్పరాక ఆ పుస్తకం మొదలువెట్టిన అంటడు. 1963ల అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ల చేరిన విన్సెంట్ డెవీటా గూడ తన ట్రైనింగ్ ముచ్చట్లు రాసిండు. అక్కడ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు నాలుగు మందులు ఒక్కసారే ఇస్తుంటె, మస్తుమంది డాక్టర్లు అది క్రూరమని తిట్టిండ్రట. గని ఆ తొవ్వలనే పోయి, ఇయ్యాల సౌలత్‌లున్న దేశాలల్ల బ్లడ్ క్యాన్సర్‌లల్ల పిల్లలకు ఎక్కువగ వచ్చే తీరును పదిమందిల ఎనిమిది మందికి మించి నయం చేస్తున్నరు.

ఆ నాలుగు మందులల్ల ఒకటి మెథోట్రెక్సేట్. దాని ఎన్క మన తెలుగాయన ఉన్నడు. 1895ల భీమవరంల పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాల లెడర్లీ కంపెనీల పరిశోధన నడిపిండు. అక్కడ తయారైన అమైనోప్టెరిన్ మందును సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తె, 10 మందికి కొన్నాళ్లు రోగం తగ్గింది. 1948ల ఆ ముచ్చట అచ్చయ్యింది. మెథోట్రెక్సేట్ దానికి తమ్ముని వరుస. గదే ఏడు ఆగస్టుల సుబ్బారావు చనిపోయిండు.

మూడోది మాట. ఇది అన్నిటికంటె కష్టమని ఈ డాక్టర్లు చెప్తరు. కోత కోసే డాక్టర్ పేషంట్‌ను కొన్ని దినాలు చూస్తడు. బ్లడ్ క్యాన్సర్ డాక్టర్ రెండేండ్లు, మూడేండ్లు అదే మనిషిని, అదే తల్లిదండ్రిని చూస్తడు. రోగం తిరిగి వచ్చిందని చెప్పాల్సింది గూడ ఆయనే. "మార్రో రిలాప్స్ అయింది" అంటె మన ఊరి అవ్వకు ఏం సమజైతది? డాక్టర్లకు పట్టాలిచ్చే మన హెల్త్ యూనివర్సిటీకి, జనం మాట్లాడే భాష కోసం కొట్లాడిన కాళోజీ పేరు పెట్టుకున్నం. ఆయన పుట్టిన సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవమని చేసుకుంటున్నం. పేషంట్ భాషల చెడ్డ ముచ్చటను నిదానంగ, అబద్ధం లేకుండ చెప్పుడు గూడ ఆ పట్టాల ఒక భాగం కావాలె.

ఇగ అసలు బాధ. రోగం మన ఊర్ల పుడ్తది, డాక్టర్ పట్నంల తయారైతడు. 1955ల మొదలైన ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన, నిమ్స్ హైదరాబాద్‌లనే ఉన్నయ్. హన్మకొండ నుంచి దగ్గర దగ్గర 150 కిలోమీటర్లు. ఆరోగ్యశ్రీ కింద 2023 డిసెంబర్ నుంచి పది లక్షల దాక వైద్యం ఉన్నది, మంచిదే. గని తోడు వచ్చినోళ్ల కూలి పోవుడు దాంట్ల రాదు. 2021 జూన్‌ల వరంగల్ సెంట్రల్ జైలు జాగల 24 అంతస్తుల దవాఖానకు శంకుస్థాపన చేసిండ్రు. పైసలుంటె అంతస్తులు నాలుగైదేండ్లల్ల లేస్తయ్. డాక్టర్‌కు పదకొండున్నర ఏండ్లు పడ్తది, నేర్పే సీనియర్లు ఉండాలె, రాత్రి పూట గూడ నడిచే ల్యాబ్ ఉండాలె.

అందాక మనం చెయ్యగలిగేది గూడ ఉన్నది. రెండు వారాలు దాటినా తగ్గని జెరం, తెల్లవడిన మొఖం, దెబ్బ తగలకుండనే నల్లమచ్చలు, చిగుర్లల్ల నెత్తురు కనవడితె సీబీపీ చేపియ్యుండ్రి. దాంతోపాటు స్మియర్ చూడమని అడుగుండ్రి. నెత్తురు కారుతుంటె మాత్రం ఒక్క దినం గూడ ఆగొద్దు. కీమో నడిచే మనిషికి జెరం వస్తె సీదా పెద్ద దవాఖానకే తోలుకపోవాలె. పాత రిపోర్టులన్ని ఒక్క కవర్ల పెట్టుండ్రి.

నీట్‌కు చదివే చెల్లెండ్లు, తమ్ముండ్లు ఈ తొవ్వను గూడ యాదిల పెట్టుకోండ్రి. మిగిలినోళ్లకు సుబేదారిల కలెక్టరేట్ ఉన్నది, సోమవారం ప్రజావాణి ఉంటది, ఎలక్షన్లు వస్తె ఓటు అడిగేటోళ్లు గడప కాడికే వస్తరు. కొత్త దవాఖాన ఎన్ని అంతస్తులని ఇగ అడగకుండ్రి. మన వరంగల్‌ల మెడికల్ ఆంకాలజీకి, హెమటాలజీకి డీఎం సీట్లు ఎన్ని, నేర్పే ప్రొఫెసర్లు ఎంతమంది, రాత్రి స్లైడ్ చూసేది ఎవలు? అవి అడుగుండ్రి.