ప్రసవ గదిలో రక్తానికి కొలత

నిండు నెలల గర్భిణి గర్భాశయానికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం చేరుతుంది. బిడ్డ పుట్టి మాయ విడివడగానే ఆ ప్రవాహానికి మొట్టమొదట అడ్డుకట్ట వేసేది గర్భాశయ కండరమే. దాని పోగులు బిగుసుకుని తమ నడుమ నుంచి సాగే రక్తనాళాలను నొక్కిపట్టడం వల్ల చాలామంది బాలింతల్లో స్రావం కొద్ది నిమిషాల్లోనే అదుపులోకి వస్తుంది. కండరం అలా బిగుసుకోకుండా మెత్తగా ఉండిపోయినా, మాయ ముక్కలు లోపల మిగిలిపోయినా, జననమార్గం చిరిగినా, రక్తానికి గడ్డకట్టే గుణం తగ్గినా ప్రసవానంతర రక్తస్రావం అనే ప్రమాదం తలెత్తుతుంది. వీటిలో అత్యధిక సందర్భాల్లో కనిపించే కారణం మొదటిదే. కాన్పైన 24 గంటల్లో 500 మి.లీ. లేదా అంతకు మించి రక్తం పోతే దానిని ప్రసవానంతర రక్తస్రావంగా పరిగణించాలన్నది దశాబ్దాలుగా అమలులో ఉన్న నిర్వచనం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు కోటీ 40 లక్షల మంది స్త్రీలు దీని బారిన పడుతున్నారు.

ఈ నిర్వచనంలో ఒక చిక్కుంది. 500 మి.లీ. దాటిందని చెప్పాలంటే ఎవరో ఒకరు కొలవాలి. ప్రసవ గదుల్లో ఆ పని దాదాపుగా జరగలేదు. పరుపు మీది గుడ్డలు, దూది, నేల మీద పడ్డది, ఉమ్మనీటితో కలిసిపోయింది, అన్నింటినీ కంటితో చూసి ‘ఇంత పోయి ఉంటుంది’ అని రాసుకోవడమే ఆనవాయితీ. ఆ అంచనా ఎంత తప్పుతుందో తేల్చిన అధ్యయనాల్లో ఒకటి మన దేశంలోనే జరిగింది. 2006లో వెలువడిన ఆ అధ్యయనంలో 123 కాన్పులను పరిశీలించగా, కంటితో వేసిన అంచనా కొలత సంచిలో తేలిన పరిమాణం కంటే 33 శాతం తక్కువగా ఉంది. ఆ సంచి కర్ణాటకలోని బెళగావి ప్రాంత పరిశోధనల కోసం తయారైంది. బాలింత నడుము కింద పరిచే ప్లాస్టిక్ షీటు, దాని చివర గరాటులా కిందికి వేలాడే సంచి, సంచి మీద మిల్లీలీటర్ల గీతలు: ఇంతకు మించి అందులో యంత్రం ఏదీ లేదు. అదే బెళగావి జిల్లా పల్లెల్లో ఏఎన్ఎంల చేతుల మీదుగా జరిగిన 1,620 కాన్పులపై చేసిన పరీక్ష, నోటి ద్వారా ఇచ్చే మిసోప్రోస్టాల్ మాత్రలతో రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గుతుందని 2006లోనే నిరూపించింది.

అయినా ఈ కొలత సంచి ప్రపంచ వైద్యుల దృష్టిని గట్టిగా ఆకర్షించడానికి మరో 17 ఏళ్లు పట్టింది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నాయకత్వంలో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాల్లోని 80 ఆసుపత్రుల్లో, 2,10,132 మంది స్త్రీల సహజ కాన్పులపై సాగిన ‘ఈ-మోటివ్’ పరిశోధన ఫలితాలు 2023 మే నెలలో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో వెలువడ్డాయి. కొన్ని ఆసుపత్రులకు గీతలున్న సంచులు ఇచ్చి, రక్తస్రావం గుర్తించగానే చేయవలసిన పనులన్నిటినీ ఒక్కసారిగా మొదలుపెట్టేలా సిబ్బందికి శిక్షణ ఇచ్చారు: గర్భాశయాన్ని మర్దన చేయడం, దాన్ని ముడుచుకునేలా చేసే మందులు ఇవ్వడం, ట్రానెక్సామిక్ యాసిడ్ ఎక్కించడం, సెలైన్ పెట్టడం, రక్తం ఎక్కడి నుంచి వస్తోందో పరీక్షించి అవసరమైతే పైస్థాయి వైద్యులను పిలవడం. అంతకుముందు ఈ చికిత్సలేవీ తెలియనివి కావు. ఒకటి ఇచ్చి, అది పనిచేస్తుందేమోనని ఆగి, తర్వాత రెండోది ఆలోచించే పద్ధతి వల్ల విలువైన సమయం జారిపోయేది. పోల్చి చూడడానికి ఎంచుకున్న మిగిలిన ఆసుపత్రుల్లోనూ షీట్లు పరిచారు గాని వాటి మీద గీతలు లేవు. గీతలున్న చోట రక్తస్రావాన్ని గుర్తించిన సందర్భాలు 93.1 శాతం కాగా, లేని చోట 51.1 శాతమే. అంటే మామూలు పద్ధతిలో దాదాపు సగం మంది బాలింతల ప్రమాదాన్ని పక్కనే ఉన్న సిబ్బంది గుర్తించలేకపోయారు. లీటరుకు పైగా రక్తం పోవడం, పొట్ట కోసి శస్త్రచికిత్స చేయవలసి రావడం, రక్తస్రావంతో మరణించడం అనే మూడింటిని కలిపి లెక్కిస్తే 4.3 శాతం కాస్తా 1.6 శాతానికి దిగింది. ఈ తగ్గుదలలో సింహభాగం లీటరు దాటిన రక్తస్రావానిదే. మరణాల సంఖ్యను మాత్రమే వేరు చేసి తీర్పు చెప్పగలిగేంత పెద్దది ఈ పరిశోధన కాదన్న సంగతిని దాని గురించి రాసేవారు తరచుగా విస్మరిస్తున్నారు. అయినా కొత్త మందు ఒక్కటీ లేకుండా ఇంత తేడా రావడం ప్రసూతి వైద్య చరిత్రలో అరుదు.

చికిత్సల్లో ఒకటైన ట్రానెక్సామిక్ యాసిడ్‌కు ప్రత్యేకమైన చరిత్ర ఉంది. గాయం దగ్గర ఏర్పడిన రక్తపు గడ్డను తిరిగి కరిగించే ప్రక్రియ శరీరంలో సహజంగానే సాగుతుంది; దాన్ని ఈ మందు అడ్డుకుంటుంది. జపాన్ శాస్త్రవేత్త ఉటాకో ఒకమోటో, ఆమె భర్త షోసుకే 1962లో దీన్ని లోకానికి పరిచయం చేశారు. బాలింతల రక్తస్రావాన్ని ఆపాలన్నదే ఆమె ఆశయమైనా, ఆ దిశగా పరీక్షించడానికి నాటి ప్రసూతి వైద్యులు ముందుకు రాలేదు. 21 దేశాల్లో 20,060 మంది స్త్రీలపై జరిగిన ‘వుమన్’ పరిశోధన ఆ పని చేసి 2017లో ఫలితాలు ప్రకటించింది. ఒకమోటో అంతకు ఏడాది ముందే కన్నుమూశారు. మందు ఇచ్చినవారిలో రక్తస్రావ మరణాలు 1.9 శాతం నుంచి 1.5 శాతానికి తగ్గాయి. మూడు గంటల లోపు ఇచ్చినప్పుడు 1.7 నుంచి 1.2కు తగ్గాయి. ప్రతి 15 నిమిషాల ఆలస్యానికీ ప్రయోజనం సుమారు పదో వంతు చొప్పున కరిగిపోతుందనీ, మూడు గంటలు దాటితే ప్రయోజనమేమీ మిగలదనీ తరువాతి విశ్లేషణ తేల్చింది. తొందరగా గుర్తించడానికీ ప్రాణం నిలవడానికీ ఉన్న సంబంధం ఈ లెక్కలో స్పష్టంగా కనబడుతుంది.

అంత మంచి మందైతే రక్తస్రావం మొదలుకాక ముందే అందరికీ ఇవ్వవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. రక్తహీనత ఉన్న 15,068 మంది స్త్రీలపై పాకిస్తాన్, నైజీరియా, టాంజానియా, జాంబియాల్లో జరిగిన ‘వుమన్-2’ పరిశోధన 2023లో దానికి ప్రతికూలమైన జవాబు చెప్పింది: మందు ముందే ఇచ్చినవారిలో 7 శాతం మందికి, ఇవ్వనివారిలో 6.6 శాతం మందికి రక్తస్రావం జరిగింది. ఇలాంటి ‘పనిచేయలేదు’ అన్న ఫలితాలకు పత్రికల్లో చోటు దొరకదు. ఆచరణలో మాత్రం విజయాలతో సమానమైన విలువ వీటికుంది. హిమోగ్లోబిన్ అడుగంటిన స్త్రీకి ఆరోగ్యవంతురాలు తట్టుకోగలిగినంత రక్తం పోయినా ప్రాణం మీదికి వస్తుంది. ఆ లోటును కాన్పు నాటి ఇంజెక్షన్ పూడ్చలేదు, గర్భం తొలి నెలల నుంచే ఐరన్, తగిన ఆహారం అందాలి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ సగానికి పైగా గర్భిణులు రక్తహీనులే.

చికిత్సల్లో మరొకటైన, గర్భాశయాన్ని బిగించే ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో నిల్వ చేయాలి. కరెంటు నిలకడగా లేని చోట అది నిస్సారమైపోతుంది. వేడికి చెడని కార్బెటోసిన్ దానికి దీటుగా పనిచేస్తుందని భారత్ సహా 10 దేశాల్లో 29,645 మందిపై జరిగిన పరిశోధన 2018లోనే చూపింది.

ఈ ఆధారాలన్నిటి ఫలితంగా 2025 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ ప్రసూతి వైద్యుల, మంత్రసానుల సమాఖ్యలతో కలిసి కొత్త మార్గదర్శకాలు విడుదల చేసింది. 500 మి.లీ. వరకు ఆగనక్కరలేదు, 300 మి.లీ. పోయి, దానితో పాటు నాడి వేగం పెరగడం, రక్తపోటు పడిపోవడం వంటి అసాధారణ లక్షణం ఏదైనా ఉంటే వెంటనే చికిత్స మొదలుపెట్టాలని వాటి సారాంశం.

తెలుగు రాష్ట్రాలకు వచ్చేసరికి ఈ విజ్ఞానం ఒక గోడకు తగులుతుంది. 2018-20లో దేశంలో లక్ష సజీవ జననాలకు 97 మంది తల్లులు మరణిస్తే తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45 మందే. ఇది గర్వించదగిన స్థితే. అయితే అయిదో సర్వే నాటికి తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. కొలత సంచి సామర్థ్యం రుజువైంది సహజ కాన్పుల్లోనే. ఆపరేషన్ బల్ల మీద రక్తం సక్షన్ సీసాలోకి, గాజుగుడ్డల్లోకి ఉమ్మనీటితో కలిసి పోతుంది కాబట్టి అక్కడి కొలత వేరే సమస్య. అమెరికాలో దాదాపు 11 వేల సిజేరియన్లలో ట్రానెక్సామిక్ యాసిడ్ ముందుగా ఇచ్చి చూసిన పరిశోధన కూడా 2023లో చెప్పుకోదగ్గ లాభం చూపలేకపోయింది. పైగా పాత కోత మచ్చలోకి మాయ వేళ్లూనుకుని విడివడకపోవడం అనే స్థితి ప్రతి సిజేరియన్‌తోనూ పెరుగుతుంది. మాయ గర్భాశయ ముఖద్వారాన్ని కప్పి ఉన్న స్త్రీలలో అది మొదటి సిజేరియన్ నాటికి 3 శాతం, రెండోదానికి 11 శాతం, మూడోదానికి 40 శాతమని 2006 నాటి అమెరికా అధ్యయనం లెక్కగట్టింది.

సహజ కాన్పులు జరిగే ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ గీతలున్న సంచులను సరఫరా చేయడానికి ఇంకే పరిశోధన కోసమూ ఎదురుచూడనక్కరలేదు. సిజేరియన్‌లో పోయే రక్తాన్ని కచ్చితంగా కొలిచే పద్ధతిని రూపొందించి పరీక్షించే బాధ్యతను మాత్రం ఆఫ్రికా ఆసుపత్రుల మీద వదిలేయడం న్యాయం కాదు. పదింట ఆరు కాన్పులు కత్తితో జరుగుతున్న తెలంగాణ వైద్య కళాశాలలే ఆ పనికి ముందు పూనుకోవాలి.