ఆట సాగుచున్నదా?

ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరకు తోలు రైతు, బండి కదలకముందే కాటా వద్ద ఎన్ని బండ్లు నిలిచియున్నవో తెలిసికొనగోరును. ఇంటర్నెట్టులో ఆటలాడు పిల్లలకును అదే ఆరాటము. ఆటను నడుపు యంత్రమును సర్వరందురు. అది ఎక్కడో ముంబయిలోనో, సింగపూరులోనో ఉండును. అది పనిచేయుచున్నదా? లోపల ఎందరున్నారు? ఇంకను చోటున్నదా? ఈ సంగతి వెబ్ పుటపై కనబడినచో, వారు వృథాగా కాచుకొననక్కరలేదు.

కౌంటర్-స్ట్రైక్ వంటి ఆటల సర్వర్లను అడుగు పద్ధతి చిత్రమైనది. 255 అను సంఖ్యను నాలుగుమారులు, దాని వెనుక ‘టి’ అను అక్షరమును, ఆపై ఒక చిన్న మాటను పంపవలెను. ఇటీవలి సర్వర్లు పెక్కు ముందుగా ఒక సంఖ్యనిచ్చి, దానిని తిరిగి చెప్పించుకొననిదే బదులీయవు; దొంగ చిరునామాతో అడుగువారిని వడకట్టుటకు ఇది ఉపాయము. పిమ్మట తన పేరు, సాగుచున్న ఆట, ఆటగాండ్ర సంఖ్య, పట్టగల గరిష్ఠ సంఖ్య తెలుపును.

ఈ ప్రశ్నోత్తరములు యూడీపీ అను పద్ధతిలో సాగును. అది పోస్టుకార్డు వంటిది. చేరినట్లు రసీదు రాదు. వెబ్ పుటకు ఇట్టి కార్డు వ్రాయు అనుమతి లేదు. ఉన్నచో, మీరు తెరచిన ప్రతి పుటయు మీ యంత్రముచేత ఊరందరికి ఉత్తరములు వ్రాయించును! మైన్‌క్రాఫ్టు సర్వరు రసీదు గల పద్ధతిలోనే, సాధారణముగా 25565 సంఖ్య గల ద్వారమున బదులిచ్చును. అయినను వెబ్ పుట ఆ భాష పలుకజాలదు.

కావున నడుమ ప్రాక్సీ అను దుబాసీ వలయును. ఆటభాషలో అడిగి, వెబ్ భాషలో పుటకు అందించుట దాని పని. వేయిమంది చూచుచున్నను, అర నిమిషమున కొకమారు మాత్రమే అడిగి, ఆ సమాధానమునే అందరికి పంచును. లేనిచో చూచువారి తాకిడికే ఆట కుంటుపడవచ్చును.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ‘ఇప్పుడు 12 మంది’ అని కనబడు అంకె అర నిమిషము నాటిది కావచ్చును. అడిగిన వేళను ప్రక్కనే వ్రాయుట న్యాయము. బదులు రానంతమాత్రమున సర్వరు ఆగినదనుటయు తగదు. కార్డు త్రోవలో పోయియుండవచ్చును. రెండుమూడుమారులు అడిగి, అప్పటికిని రానిచో ‘సమాచారము లేదు’ అనవలెను. పాత అంకెను పచ్చదీపము క్రింద చూపుట నాకు బొత్తిగా నచ్చదు.

ఎవరే చిరునామా ఇచ్చినను అడుగబోవు ప్రాక్సీ మరియు ప్రమాదము. దాని చాటున పరులు, బయటివారికి అందని లోపలి యంత్రముల తలుపులు తట్టగలరు. యజమాని ముందుగా వ్రాసిన పట్టీలోని సర్వర్లను తప్ప మరి దేనిని అది అడుగరాదు.