ప్రచారంలో 'బాధాకరం'.. మరి ఆయుధాల మాటేమిటి? గాజాపై అమెరికా ఎన్నికలు చెప్పిన పాఠం

2024 ఫిబ్రవరి 26. న్యూయార్క్‌లో ఒక ఐస్‌క్రీమ్ దుకాణం. చేతిలో కోన్ పట్టుకున్న అధ్యక్షుడు జో బైడెన్‌ను గాజాలో కాల్పుల విరమణ ఎప్పుడని విలేకరులు అడిగారు. వచ్చే సోమవారానికల్లా కుదురుతుందని ఆశిస్తున్నానన్నారు. మర్నాడే మిచిగాన్ రాష్ట్రంలో డెమోక్రాటిక్ పార్టీ ప్రైమరీ. గాజాలో మృతులు అప్పటికే 30 వేలకు చేరువయ్యారని అక్కడి ఆరోగ్య శాఖ లెక్క.

మిచిగాన్ ఎందుకంత ముఖ్యం?

2016లో ట్రంప్ ఈ రాష్ట్రాన్ని 11 వేల లోపు ఓట్ల తేడాతో గెలిచారు. ఇక్కడి డియర్‌బోర్న్ నగరంలో సగానికి పైగా అరబ్ మూలాలున్నవారే. చాలామందికి లెబనాన్, పాలస్తీనాల్లో బంధువులున్నారు. చావు కబురు నేరుగా వాళ్ల ఫోన్లకే వస్తుంది.

'అన్‌కమిటెడ్' అంటే?

ప్రైమరీలో ఏ అభ్యర్థికీ కట్టుబడం అని చెప్పే ఓటు ఇది. మన నోటా లాంటిదే గానీ, తగినన్ని పడితే పార్టీ జాతీయ సభకు ప్రతినిధుల్ని పంపొచ్చు. ఉద్యమకారులు 10 వేలు వస్తే చాలనుకున్నారు. లక్షకు పైగా పడ్డాయి.

మాట మారింది, మరి విధానం?

వారం తిరక్కుండానే, మార్చి 3న, ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ కనీసం ఆరు వారాల తక్షణ కాల్పుల విరమణ కావాలన్నారు. మేలో భారీ బాంబుల సరఫరా ఒకదాన్ని బైడెన్ ఆపారు. మిగతా ఆయుధాలు వెళ్తూనే ఉన్నాయి.

ఆగస్టులో మృతులు 40 వేలు దాటారు. అదే నెల షికాగో పార్టీ సభలో ఇజ్రాయెలీ బందీ తల్లిదండ్రులు మాట్లాడారు. పాలస్తీనా మూలాలున్న ఒక్కరికైనా మైకు ఇవ్వండన్న అన్‌కమిటెడ్ ప్రతినిధుల కోరికను మాత్రం కాదన్నారు. అక్కడి ప్రసంగంలో గాజా బాధ హృదయ విదారకమని హారిస్ అన్నారు. వారం తర్వాత టీవీ ఇంటర్వ్యూలో ఆయుధాల విధానం మారదని చెప్పేశారు.

ట్రంప్ తీరూ అంతే. జూన్ డిబేట్‌లో ఇజ్రాయెల్‌ను 'పని పూర్తి చేయనివ్వాలి' అన్న ఆయనే, నవంబర్ 1న డియర్‌బోర్న్‌లోని హలాల్ హోటల్‌కు వచ్చి శాంతి గురించి మాట్లాడారు. ఆ నగరంలో ఆయనకు 42 శాతం, హారిస్‌కు 36 శాతం ఓట్లు వచ్చాయి. గెలిచాక 2025 ఫిబ్రవరి 4న, గాజాను అమెరికా స్వాధీనం చేసుకుంటుందని, అక్కడి జనాన్ని వేరే చోటికి పంపాలని ప్రకటించారు.

బైడెన్ చెప్పిన 'సోమవారం' వచ్చేసరికి 2025 జనవరి 19 అయింది. మృతుల సంఖ్య 46 వేలు దాటింది. ఆ విరమణ కూడా మార్చిలోనే కూలిపోయింది.

ప్రాణనష్టం సంగతి నాయకులకు తెలియక కాదు. మైకు ముందు బాధపడటానికి ఖర్చేమీ ఉండదు. యుద్ధం గురించి మాట్లాడే ఏ అభ్యర్థినైనా ఓటరు అడగాల్సింది రెండే: ఆయుధాలు ఆపుతారా? ఎప్పుడు?