పేజ్‌మేకర్ చావదు, పీడీఎఫ్ ఆగదు: సాఫ్ట్‌వేర్ లోకంలో వింతలు విశేషాలు

చిక్కడపల్లిలో ఏ గల్లీలోకి తిరిగినా ఓ జిరాక్స్ షాపు, ఆ పక్కనో పైనో ఓ డీటీపీ సెంటర్ తగులుతాయి. అటు అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, స్టడీ హాళ్లు. ఇటు నారాయణగూడలో కాలేజీలు. సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలు మాదాపూర్, గచ్చిబౌలి దిక్కున లేస్తే, తెలుగు అక్షరాన్ని కంప్యూటర్‌లో కూర్చి పొట్టపోసుకునేవాళ్లు, ఆ అక్షరాలు చదివి ఉద్యోగం కొట్టాలనుకునేవాళ్లు ఈ మూడు పేటల్లో ఉన్నారు. డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్ ఒకటి, కోడ్‌తో సహా అందరికీ ఇచ్చేసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఒకటి. రెంటి తేడా ధరలో ఉందనుకుంటాం. కానీ ఇక్కడ ధర ఎవరినీ ఆపలేదు, కొనలేనివాడికి దొంగ కాపీ ఎప్పుడూ దొరికింది. అయినా కొన్ని పనులు మధ్యలో ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో ఈ విశేషాలు చదివితే తెలుస్తుంది.

తయారీ ఆగినా పని ఆగనిది

పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 1985లో ఆల్డస్ అనే కంపెనీ చేతుల్లో పుట్టింది. 1994లో ఆల్డస్‌ను అడోబ్ కొనేసింది. 2001లో 7.0 వచ్చింది, 2004లో ఇక దీన్ని పెంచేది లేదని అడోబ్ చేతులు దులుపుకుంది. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి తెలుగు పుస్తకాలు, పెళ్లి పత్రికలు, కరపత్రాలు అందులోనే తయారయ్యాయి. ఇప్పటికీ దాన్ని వదలని డీటీపీ సెంటర్లున్నాయి.

కారణం అలవాటు ఒక్కటే అనుకుంటే పొరపాటు. అను, శ్రీలిపి వంటి తెలుగు ఫాంట్ల ప్యాకేజీలు ఆ కాలపు సాఫ్ట్‌వేర్‌కు సరిపోయేలా తయారయ్యాయి. ఇంగ్లిష్ అక్షరాలు ఉండాల్సిన గదుల్లో తెలుగు తలకట్లు, కొమ్ములు, వత్తుల ముక్కలు కూర్చోబెట్టారు. ఒక్కో ఫాంటుకు ఉన్న గదులు 256 మాత్రమే. ఆపరేటర్ చేతివేళ్లు ఆపిల్ కీబోర్డ్ లేఅవుట్‌కు అలవాటు పడ్డాయి. ప్రతి లిపికీ సొంత గదులిచ్చే యూనికోడ్ పేజ్‌మేకర్‌కు తెలియదు. అడోబ్ వారి ఇన్‌డిజైన్‌లో భారతీయ లిపులు సరిగ్గా కూర్చే ఏర్పాటు 2012లో సీఎస్6తో వచ్చింది. అంటే పాతదాన్ని ఆపేశాక కొత్తదానిలో తెలుగు కుదురుకోవడానికి 8 ఏళ్లు పట్టింది. కోడ్ కంపెనీ బీరువాలో ఉంది కనుక, ఈలోపు పేజ్‌మేకర్‌కు తెలుగు నేర్పుదామని ఎవరైనా ముందుకొచ్చినా దారి లేదు.

కళ్లెదుట ఉండీ దొరకని మాట

అశోక్‌నగర్ స్టడీ హాల్లో ఓ అభ్యర్థి తెలంగాణ చరిత్ర నోట్సు పీడీఎఫ్ తెరిచాడనుకోండి. మొదటి పేజీలోనే పెద్దక్షరాల్లో 'కాకతీయులు' అని ఉంది. వెతికే పెట్టెలో అదే మాట కొడితే జవాబు సున్నా. ఆ పేరాను కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే మీసాలూ తోకలూ మొలిచిన రోమన్ అక్షరాల గుంపు వచ్చి పడుతుంది. అది అనులో కొట్టిన పాఠం. కంటికి తెలుగు, కంప్యూటర్‌కు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల చెత్త. వందల పేజీల నోట్సులో ఒక్క తేదీ కావాలంటే మొదటి నుంచీ తిప్పుకుంటూ పోవాల్సిందే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ వత్తుల దగ్గర తడబడతాయి. మార్చాక మళ్లీ ప్రూఫులు దిద్దాలి.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే, మొదటి కూర్పులోనే చోటు దొరికింది. 128 గదుల వరుస మనది. గదులు సిద్ధంగా ఉన్నా అందులోకి మారడానికే ఇంతకాలం పట్టింది.

సొంతాస్తిగా పుట్టి ఊరుమ్మడి అయినది

ఈ పేటల్లో పీడీఎఫ్ మాట వినబడని రోజుండదు. 1993లో దాన్ని తెచ్చిందీ అడోబే. అయితే దాని నిర్మాణ వివరాలను మొదటి నుంచీ అచ్చువేసింది, 2008లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థకు అప్పగించింది. అది ఇప్పుడు ఐఎస్ఓ 32000. అందుకే పీడీఎఫ్ తెరవడానికి అడోబ్ సాఫ్ట్‌వేరే అక్కర్లేదు, ఏ ఫోనైనా ఏ బ్రౌజరైనా తెరుస్తుంది. ఒకే కంపెనీ ఒకదాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది, ఇంకోదాన్ని వీధిలో పెట్టింది. వీధిలో పెట్టినదానికి ఇంకా వయసు మీద పడలేదు.

తెలుగు లిపికి దక్కిన పెద్ద దానం

డీటీపీ వాళ్లు అనును వదలకపోవడానికి ఫాంట్ల వైవిధ్యం ఒక పెద్ద కారణం. పెళ్లి పత్రికకు ఒక సొగసు కావాలి, పోస్టర్‌కు ఒక బరువు కావాలి. యూనికోడ్‌లో చాలాకాలం చెప్పుకోదగ్గవి తిరుమల కృష్ణ దేశికాచారి ఉచితంగా ఇచ్చిన పోతన, వేమన ఫాంట్లే. ఆ తర్వాత అమెరికా తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం పూనుకోవడంతో ఒక గుత్తి ఫాంట్లు బయటికొచ్చాయి: పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ, ఎన్టీఆర్, మండలి, రామభద్ర, మల్లన్న. గోల్కొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పేరున వార్తల అచ్చుకు సరిపోయే 'సురవరం' కూడా వాటిలో ఉంది. చాలావాటికి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ ఉంది కనుక ఎవరైనా వాడుకోవచ్చు, వత్తు నచ్చకపోతే దిద్దుకోవచ్చు, దిద్దినదాన్ని పంచుకోవచ్చు.

తాళాలు తీసిన చెయ్యి

2000ల మొదట్లో ఈనాడుకు ఒక ఫాంటు, వార్తకు ఇంకొకటి, ప్రతి తెలుగు వెబ్‌సైట్‌కూ ఒక సొంత తాళం. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు 'పద్మ' అనే చిన్న పొడిగింపు రాసి వీటన్నిటినీ యూనికోడ్‌లో చదివించినవారు వెన్న నాగార్జున. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియా మొదలవడానికీ ఆయనే కారకులు. ఆ వికీపీడియాను నడిపే మీడియావికీ కూడా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. ఇంగ్లిష్ కీబోర్డు మీద తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి అంతకు ముందే, 1990లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ చేతుల్లో రూపుదిద్దుకుంది. ఆ బాటలోనే వీవెన్ 'లేఖిని' తెచ్చారు. జీతం రాళ్ల కోసం చేసిన పనులు కావివి.

ఫోన్లను పడగొట్టిన ఒక్క అక్షరం

2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా ఒక తెలుగు అక్షరానికి జడిసింది. 'జ్ఞా' మధ్యలో కంటికి కనపడని ఓ గుర్తు చేరితే, దాన్ని చూపించబోయిన ఐఫోన్ అక్కడికక్కడే కుప్పకూలేది. మెసేజ్ వస్తే చాలు, కొన్ని యాప్‌లు మళ్లీ తెరుచుకునేవి కావు. మోజిల్లాలో పనిచేసే ఓ ఇంజనీరు బయటి నుంచే పరీక్షలు చేసి, బెంగాలీ, దేవనాగరిలోనూ ఇలాంటి కలయికలున్నాయని తేల్చారు. కానీ బాగుచేయడం ఆయన చేతిలో లేదు. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసేదాకా అందరూ ఎదురుచూడాల్సిందే. ఆండ్రాయిడ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్‌లలో తెలుగు అక్షరాలను కూర్చే 'హార్ఫ్‌బజ్' కోడ్ మాత్రం బహిరంగం. వత్తు తప్పుగా పడితే తెలిసినవాడెవడైనా వెళ్లి సరిచేయొచ్చు.

ముసలి నీలితెర

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో కంప్యూటర్ చదివిన ఓ తరానికి నీలిరంగు తెర మీద క్లియర్‌స్క్రీన్ ఆదేశం కొట్టడం గుర్తుంటుంది. అది బోర్లాండ్ కంపెనీ 1990లో తెచ్చిన టర్బో సీ++. సీ++ భాషకు అంతర్జాతీయ ప్రమాణం 1998లో వచ్చింది. అంటే ప్రమాణం కంటే ముందరి భాషను 21వ శతాబ్దపు పిల్లలకు నేర్పాం. ఇందులో ఇంకో వింత ఉంది. కొత్త 64 బిట్ విండోస్ మీద ఆ పాత సరుకు నడవదు. దాన్ని నడిపించడానికి వాడేది డాస్‌బాక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్! పైసా అక్కర్లేని జీసీసీ కంపైలర్ 1987 నుంచీ అందుబాటులోనే ఉంది.

తెలుగులో మాట్లాడిన తొలి కంప్యూటర్ వ్యవస్థ

మైక్రోసాఫ్ట్ 1998లో తన అభివృద్ధి కేంద్రాన్ని పెట్టింది హైదరాబాద్‌లోనే. అదే నగరంలో 'స్వేచ్ఛ' సంస్థ 2005లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన లినక్స్ ఆధారంగా తొలి తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. మెనూలు, బొత్తాలు, సందేశాలు అన్నీ తెలుగులో. బడి పిల్లల కోసం 'బాల స్వేచ్ఛ' చేసింది. ఈ పని మోసినవాళ్లలో ఎక్కువమంది కాలేజీ విద్యార్థులు, ఖాళీ వేళల్లో పనిచేసే ఉద్యోగులు.

పదమూడేళ్లలో తిరగబడ్డ మాట

2001లో మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చారు. 2014లో ఆ కుర్చీలో కూర్చున్న సత్య నాదెళ్ల, బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూలు విద్యార్థి, అదే ఏడాది మైక్రోసాఫ్ట్‌కు లినక్స్ అంటే ప్రేమ అని వేదిక మీద చాటారు. 2018లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల అడ్డా అయిన గిట్‌హబ్‌ను 750 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పందం కుదిరింది. 2020 నుంచి విండోస్‌లోనే లినక్స్ కెర్నెల్ వేసుకోవచ్చు. ఇంతకీ 1976లో బిల్ గేట్స్ రాసిన బహిరంగ లేఖ సారాంశం ఏమిటంటే, మా సాఫ్ట్‌వేర్‌ను మీరు దొంగిలిస్తున్నారు అని. సాఫ్ట్‌వేర్ కంపెనీల కూటమి బీఎస్ఏ 2018లో వెలువరించిన సర్వే ప్రకారం మన దేశంలో లైసెన్స్ లేని సాఫ్ట్‌వేర్ వాటా 56 శాతం. ఆ లేఖ రాయడానికి కారణం ఇంకా తీరలేదన్నమాట.

రెండు వైపులా పిడుగులే

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సంస్థ పంపిన ఒక్క అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు మూలనపడ్డాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ ఫొటో దేశమంతా తిరిగింది.

కోడ్ బహిరంగమైతే గండం తప్పుతుందనుకోవద్దు. ఇంటర్నెట్ లావాదేవీలకు కాపలా కాసే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో 2014లో హార్ట్‌బ్లీడ్ అనే రంధ్రం బయటపడినప్పుడు, దాన్ని పూర్తికాలం చూసుకునేది ఒకే ఒక్క మనిషని తేలింది. 2024 మార్చిలో ఇంకో కథ. ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాములోకి, రెండేళ్లకు పైగా మంచివాడిగా నటించిన ఎవరో దొంగదారి పెట్టేశారు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమని అనుమానించి గుట్టు లాగిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఎవరనుకున్నారు, మైక్రోసాఫ్ట్ ఉద్యోగి! కోడ్ తెరిచి చూసే వీలుండబట్టే ఆయన అనుమానం చివరిదాకా వెళ్లింది. చూసేవాడు లేకపోతే ఆ వీలు ఉండీ లేనట్టే.

చిట్టి విశేషాలు

• ప్రపంచంలోని 500 అత్యంత వేగవంతమైన సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి అన్నీ లినక్స్‌వే. అశోక్‌నగర్ అభ్యర్థి చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ అడుగున ఉన్నది లినక్స్ కెర్నెలే.

• చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఆవరణలో చెట్ల కింద చదువుకునేవాళ్లకు నచ్చే సంగతి: తొలి స్వేచ్ఛా గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ 'కోహా' పుట్టింది న్యూజిలాండ్‌లోని హోరోఫెనువా అనే చిన్న ప్రాంతపు లైబ్రరీ కోసం. పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరాన్ని దాటలేదని భయపడి రాయించుకున్నారు. 2000 జనవరి మొదట్లోనే పని మొదలెట్టింది.

• 2016లో 11 వరుసల చిన్న కోడ్ ముక్కను రాసినాయన అలిగి ఇంటర్నెట్ నుంచి వెనక్కి తీసుకుంటే, ప్రపంచవ్యాప్తంగా వేల ప్రాజెక్టులు తలకిందులయ్యాయి. దాని పేరు లెఫ్ట్‌ప్యాడ్.

• పుస్తకాల పేజీలు కూర్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ 'స్క్రైబస్' 2017లో వచ్చిన 1.5.3 నుంచి తెలుగు వంటి లిపులను సరిగ్గా కూర్చడం నేర్చుకుంది.

చెక్కు రాసిచ్చే రచయిత

పుస్తకాల కూర్పు కోసమే డొనాల్డ్ నూత్ 1978లో 'టెక్స్' అనే ప్రోగ్రామ్ తెచ్చారు. అందులో తప్పు పట్టినవారికి మొదట్లో 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపేవారు. చాలామంది దాన్ని బ్యాంకుకు పట్టుకెళ్లకుండా పటం కట్టించుకున్నారు. టెక్స్ కూర్పు సంఖ్య గణితంలోని 'పై' విలువ వైపు జరుగుతూ 2021లో 3.141592653కు చేరింది. తన తదనంతరం దాన్ని పై అని నిలిపేసి, ఇక ఎవరూ మార్చకూడదని ఆయన ముందే రాసిపెట్టారు. అయినా ఎవరికీ ఇబ్బంది లేదు. కోడ్ మొత్తం 1986లోనే పుస్తకంగా అచ్చయింది, ఇంకో పేరుతో ఎవరైనా కొనసాగించుకోవచ్చు.

అందుకని చిక్కడపల్లిలో పుస్తకం కంపోజింగ్‌కు ఇచ్చేవాళ్లు బిల్లు కట్టేటప్పుడు పీడీఎఫ్‌తో సరిపెట్టుకోకండి. యూనికోడ్‌లో ఉన్న మూల ఫైలు కూడా అడిగి పెన్‌డ్రైవ్‌లో వేయించుకోండి. రెండో ముద్రణ నాటికి ఆ సెంటర్ ఉన్నా లేకపోయినా, మీ పుస్తకాన్ని మళ్లీ మొదటి అక్షరం నుంచి కొట్టించే ఖర్చు తప్పుతుంది.